ఊళ్ల పేర్లలో రేనాడు

ప్రొద్దుటూరికి రైలు 2016లో గాని రాలేదు. అంతకు ముందు తరతరాలుగా బంగారం బేరానికి వచ్చినవాళ్లయినా, పత్తి కొనడానికి వచ్చినవాళ్లయినా, పండక్కి పుట్టింటికి వచ్చే ఆడబిడ్డలయినా ఎర్రగుంట్ల స్టేషన్లో దిగి, అక్కణ్నుంచి బండో బస్సో ఎక్కాల్సిందే. మద్రాసు నుంచి రాయచూరుకు వెళ్లే రైలుదారి 1871 నాటికి పూర్తయింది. కడప, కమలాపురం దాటి ఎర్రగుంట్ల మీదుగా ముద్దనూరు, కొండాపురం వైపు సాగే ఆ దారి ఈ మెట్టసీమకు బయటి లోకాన్ని దగ్గర చేసింది. నాపరాళ్లు, పత్తి బేళ్లు, కరువు ఏళ్లలో పొట్ట చేతబట్టుకుని కదిలే కూలీలు, చదువుల కోసం పోయే పిల్లలు, అందరిదీ ఒకటే ప్లాట్‌ఫారం.

అలా చదువుల బాట పట్టిన తరంలోని మనిషే కేతు విశ్వనాథరెడ్డి. 1939 జూలై 10న, అప్పటి కమలాపురం తాలూకా, ఇప్పటి ఎర్రగుంట్ల మండలంలోని రంగశాయిపురంలో రైతు ఇంట పుట్టారు. పత్రికల్లో పనిచేశారు, కాలేజీలో పాఠాలు చెప్పారు, హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం డైరెక్టరుగా పదవీ విరమణ చేశారు. కథకుడిగా తెలుగువాళ్లందరికీ తెలుసు. పరిశోధకుడిగా మాత్రం ఆయన చేసిన పని తెలిసినవాళ్లు తక్కువ. కడప జిల్లా ఊళ్ల పేర్లను పోగుచేసి, వాటి పుట్టుపూర్వోత్తరాలు తవ్వి, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ అందుకున్నారు. తెలుగులో ఊళ్ల పేర్ల మీద విశ్వవిద్యాలయ స్థాయిలో వచ్చిన తొలి పరిశోధనల్లో అదొకటి.

ఒక రైతు బిడ్డ పెద్ద చదువు చదివి, పరిశోధనకు విషయం ఎంచుకోమన్నప్పుడు ప్రబంధాల జోలికో అలంకారశాస్త్రం జోలికో పోకుండా ఎర్రగుంట్ల, ముద్దనూరు, నెమళ్లదిన్నె అనే పేర్ల దగ్గర ఆగాడంటే, ఆ ఎంపిక వెనక ఒక నేల ఉంది.

ఆ నేల గురించి కాస్త చెప్పుకోవాలి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాల్లో చాలా భాగం నల్లరేగడి. వాన సమయానికి పడితే జొన్న, కొర్ర, పత్తి, శనగ. పడకపోతే పశువులకు మేత కూడా ఉండదు. 1876లో మొదలైన ధాత కరువు రాయలసీమనంతటినీ ఊడ్చిపెట్టింది. ధాత అన్నది ఆ తెలుగు సంవత్సరం పేరు. కడప జిల్లా పల్లెల్లో తరాలు మారినా ముసలివాళ్ల నోట ఆ పేరు భయంతోనే వచ్చేది. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వడం మొదలుపెట్టిన కర్నూలు-కడప కాలువను 1882లో ప్రభుత్వం కొనేసింది. ఆ నీళ్లు ప్రొద్దుటూరు, మైదుకూరు వైపు కొన్ని ఊళ్లను పచ్చగా చేశాయి గాని, ఎర్రగుంట్ల నుంచి పులివెందుల దాకా ఉన్న మెట్టకు ఆకాశమే దిక్కయింది. కాలువ ఉన్న ఊరికీ లేని ఊరికీ పెళ్లి సంబంధాల దగ్గర్నుంచి బువ్వ దాకా తేడా వచ్చింది. ఒకచోట వరి అన్నం, ఇంకోచోట జొన్న సంగటి.

చదువు సంగతి ఇంకా కష్టం. దత్తమండలాలకు, అంటే నిజాం కంపెనీకి ఇచ్చిన ఈ జిల్లాలకు, చాలాకాలం ఉన్న పెద్ద కాలేజీల్లో ముఖ్యమైనది 1916లో అనంతపురంలో పెట్టిన సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ. అది కాదంటే మద్రాసు. కడపలో ప్రభుత్వ కళాశాల స్వాతంత్ర్యం వచ్చాక వచ్చింది. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో మొదలైంది. ఆ తేదీల పక్కన విశ్వనాథరెడ్డి పుట్టిన ఏడు పెట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. పదేళ్లు ముందు పుట్టి ఉంటే ఈ మెట్టసీమ పిల్లవాడికి ఎమ్మే తెలుగు అందేది కాదు. మనిషి పట్టుదల గురించి ఎంత చెప్పుకున్నా, సరైన కాలంలో సరైన దూరంలో ఒక విశ్వవిద్యాలయం తలుపు తెరవడం కూడా ఆ కథలో భాగమే. ఇలాంటి జీవితాల గురించి రాసేటప్పుడు ఈ మాట తరచూ మరుగున పడుతుంది.

అయితే చదువు లేకపోయినా సాహిత్యం లేని చోటు కాదు ఇది. ప్రొద్దుటూరు పండితుల ఊరు. జమ్మలమడుగు ప్రాంతానికి చెందిన దుర్భాక రాజశేఖర శతావధాని ‘రాణాప్రతాపసింహ చరిత్ర’ రాశారు. నెమళ్లదిన్నెలో పుట్టిన గడియారం వేంకటశేషశాస్త్రి ‘శివభారతం’ రాశారు. అనంతపురం జిల్లా నుంచి వచ్చి ప్రొద్దుటూరు, కడపల్లో బతికిన పుట్టపర్తి నారాయణాచార్యులు పద్నాలుగు భాషలు నేర్చిన మనిషిగా పేరు పొందారు. హైస్కూలు తెలుగు పంతులుగానే ఆయన జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. వీళ్లది పద్యం, శాస్త్రం, అవధానం నిండిన లోకం.

దాని పక్కనే మరో పాయ బయలుదేరింది. పులివెందుల తాలూకా పైడిపాలెంలో 1922లో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి, అందరూ పిలిచే రారా, విమర్శను కత్తిలా వాడారు. 1968లో కడప నుంచి ‘సంవేదన’ పత్రిక తెచ్చారు. కొంతకాలం మాస్కోలో అనువాదకుడిగా పనిచేశారు. కమలాపురం తాలూకా ఉరుటూరు నుంచి సొదుం జయరాం వచ్చి, ఒక్క మాట ఎక్కువ కాకుండా కథలు రాశారు. సేద్యగాళ్ల ఇళ్ల నుంచి వచ్చిన మొదటి తరం చదువరులు వీళ్లు. తాము చూసిన బతుకు సాహిత్యానికి పనికిరాదని చెప్పే ఎవరి మాటా వినదలచుకోలేదు. విశ్వనాథరెడ్డి ఎదిగింది ఆ గాలిలో. ఆయన మొదటి కథ ‘అనాదివాళ్లు’ 1963లో అచ్చయింది.

ఊళ్ల పేర్ల పరిశోధన అంటే గ్రంథాలయంలో కూర్చుని తేల్చే పని కాదు. జనాభా లెక్కల పుస్తకంలో ఊళ్ల జాబితా దొరుకుతుంది. రెవెన్యూ కచేరీలో ఇంకో జాబితా ఉంటుంది. రెండింట్లో ఒకే ఊరు రెండు రకాలుగా కనిపిస్తుంది. ఇంగ్లీషులో రాసి, మళ్లీ తెలుగులోకి తెచ్చేసరికి కొన్ని పేర్లు గుర్తుపట్టలేనట్టు తయారవుతాయి. శాసనాల్లో ఏముందో చూడాలి. కైఫీయతుల్లో ఏముందో చూడాలి. చివరికి ఊరి రచ్చబండ దగ్గర కూర్చుని, ఊరివాళ్లు తమలో తాము ఎలా పిలుచుకుంటారో చెవిన వేసుకోవాలి. ఈ చివరి సాక్ష్యానికే ఒక్కోసారి అన్నింటికన్నా ఎక్కువ విలువ ఇవ్వాల్సి వస్తుంది. అక్షరం రాని ముసలమ్మ పలికిన తీరు సరైనదీ, అచ్చులో ఉన్నది తప్పూ కావచ్చు. పండితుడికి ఇది అంత తేలిగ్గా మింగుడుపడే పాఠం కాదు. మెట్టపల్లె నుంచి వచ్చినవాడికి మాత్రం ఆ ముసలమ్మ భాష ఇంటి భాషే.

కైఫీయతుల ప్రస్తావన వచ్చింది గనుక ఆ వెనకటి కథ కూడా చెప్పుకోవాలి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. ఆ తర్వాతి ఏళ్లలో కాలిన్ మెకంజీ తన మనుషులను ఊరూరా పంపి, కరణాల దగ్గర ఉన్న కవిలెలు, ఊరివాళ్ల జ్ఞాపకాలు రాయించాడు. అవే కైఫీయతులు. ఊరు ఎవరు కట్టారు, గుడి ఎవరు నిలిపారు, చెరువు ఎవరు తవ్వించారు, పాలెగాడు ఎవరు, ఎప్పుడు పాడుపడింది, మళ్లీ ఎవరొచ్చి దీపం పెట్టారు అన్నవన్నీ అందులో ఉన్నాయి. కైఫీయతు మొదలయ్యేదే చాలాచోట్ల ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందన్న కథతో. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన సీపీ బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, పండితులను పెట్టుకుని తాళపత్ర గ్రంథాలకు ప్రతులు రాయించాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది. దాన్ని నిలబెట్టడానికి జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఏళ్ల తరబడి తిరిగారు. కడప జిల్లా కైఫీయతులు కట్టా నరసింహులు సంపాదకత్వంలో సంపుటాలుగా అచ్చయింది కూడా అక్కణ్నుంచే. విశ్వనాథరెడ్డి పరిశోధన చేసిన కాలంలో ఈ సంపుటాలు లేవు. ఇవాళ కడప జిల్లా ఊరి చరిత్ర రాయబోయే విద్యార్థికి ఉన్న వసతి ఆ తరానికి లేదు.

కైఫీయతుల కథలను అలాగే నమ్మడానికి వీల్లేదు. పేరు ముందు పుట్టి, కథ తర్వాత అల్లుకున్న సందర్భాలు బోలెడు. ఒక ఊరి పేరులో పులి ఉంటే పులిని చంపిన వీరుడు పుట్టుకొస్తాడు, దేవుడి పేరు ఉంటే స్వప్న సాక్షాత్కారం జరుగుతుంది. పరిశోధకుడు ఆ కథను కొట్టిపారేయకుండా పక్కన పెట్టి, నేల వైపు చూడాలి. ఎర్రగుంట్ల అన్నప్పుడు ఎర్రమట్టి నీటిగుంటలు కనిపిస్తాయి. జమ్మలమడుగు అన్నప్పుడు పెన్నలో జమ్ముగడ్డి పెరిగిన మడుగు గుర్తొస్తుంది. దిన్నె, గుంట, మడుగు, వంక, చెరువు, కుంట... ఈ సీమ ఊళ్ల పేర్ల చివర నీరూ నేలా ఎంత దట్టంగా ఉన్నాయో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. నీరు లేనిచోట మనుషులు నీరు దొరికిన ప్రతి తావునూ పేరు పెట్టి గుర్తుంచుకున్నారు. ఇంత కరువు సీమలో పల్లె వెలసిన కారణం చాలాసార్లు ఆ పేరు చివరనే ఉంటుంది.

పురాలు వేరు. రంగశాయిపురం లాంటి పేర్లలో దేవుడో, దాతో, ఊరు నిలిపిన అధికారో ఉంటాడు. పేటల్లో సంత వాసన తగులుతుంది. ఖాజీపేట లాంటి పేరు నవాబుల కాలాన్ని తెస్తుంది. పల్లె ముందు ఇంటిపేరు చేరి ‘వారిపల్లె’ అయితే ఒక కుటుంబం కొట్టం వేసుకుని మొదలుపెట్టిన సేద్యం కనిపిస్తుంది. రాజుల చరిత్రలో చోటు దొరకని ఆ కుటుంబం ఊరి పేరులో మాత్రం నిలిచిపోయింది.

ఇక పాడు, ఊరు అనే పాత పేర్ల దగ్గరికి వస్తే ఎర్రగుంట్ల చుట్టుపక్కలకు సాటి వచ్చే చోటు తెలుగుదేశంలో లేదు. కలమళ్ల, ఎర్రగుడిపాడు, తిప్పలూరు, మాలెపాడు, చిలంకూరు. ఇవన్నీ రైలు స్టేషన్ నుంచి సైకిల్ మీద పోయి వచ్చేంత దూరంలోనో, మరి కాస్త అవతలో ఉన్న పల్లెలు. ఆరో శతాబ్దం చివర్లో, అప్పట్లో రేనాడు అని పిలిచిన ఈ సీమను ఏలిన రేనాటి చోళులు సంస్కృతాన్నీ ప్రాకృతాన్నీ పక్కన పెట్టి, ప్రజల భాషలో రాతి మీద చెక్కించడం మొదలుపెట్టింది ఇక్కడే. కలమళ్ల చెన్నకేశవ ఆలయం దగ్గర దొరికిన ధనంజయుడి శాసనాన్ని క్రీ.శ. 575 ప్రాంతానిదిగా లెక్కగట్టి, మనకు దొరికిన తొలి తెలుగు శాసనంగా చెబుతున్నారు. రాయి విరిగిపోవడంతో పాఠం పూర్తిగా మిగల్లేదు. ఎర్రగుడిపాడు శాసనం మెరుగ్గా ఉంది. అందులో దానమిచ్చిన భూమి సంగతి ఉంది. పుణ్యకుమారుడి రాగిరేకులు మాలెపాడులో దొరికాయి. కలమళ్ల, ఎర్రగుడిపాడు శాసనాలను నీలకంఠశాస్త్రి, ఎం. వెంకటరామయ్య కలిసి 1940లలో ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించారు.

పద్నాలుగు వందల ఏళ్ల కిందట రాజ్యం తెలుగులో మాట్లాడిన చోట పుట్టిన పిల్లలకు, తమ మాట మోటు అని బళ్లో వినాల్సి వచ్చింది. కోస్తా పలుకుబడిని మంచి తెలుగు అనుకున్న కాలంలో కడప పల్లె పిల్లలు నోరు విప్పడానికి జంకేవాళ్లు. విశ్వనాథరెడ్డి తరం సాధించిన వాటిలో పెద్దది ఆ జంకు పోగొట్టడం. పరిశోధనలో ఊరి పేర్లకు ఇచ్చిన గౌరవాన్నే ఆయన కథల్లో ఊరి మాటకూ ఇచ్చారు. ‘జప్తు’, ‘దాపుడు కోక’, ‘పీర్ల సావిడి’, ‘కూలిన బురుజు’, ‘వాన కురిస్తే’, ‘నమ్ముకున్న నేల’. ఈ కథల పేర్లు వరసగా చదివినా చాలు, మెట్టసీమ బతుకు కళ్లకు కడుతుంది. ముఠాకక్షలు ఊరినీ కుటుంబాన్నీ ఏం చేస్తాయో, ఎండిన నేల మీద రైతుకు మమకారం ఎందుకు చావదో, ఆడవాళ్ల మీద ఆ కక్షల బరువు ఎలా పడుతుందో గొంతు పెంచకుండా చెప్పారు. రాయలసీమ అంటే కొడవళ్లూ బాంబులే అనుకునే సినిమా చూపుకు ఈ కథల్లో చోటు లేదు. అందులో హీరోలు లేరు, నష్టపోయిన మనుషులు ఉన్నారు.

పరిశోధకుడికీ కథకుడికీ మధ్య ఇక్కడ గోడ లేదు. ఊరికి పేరు పెట్టిన మనుషుల కోసం వెతికిన కన్నే, ఆ ఊళ్లో ఇప్పుడు మిగిలిన మనుషులను కథల్లోకి తెచ్చింది. ఊళ్ల పేర్ల కోసం తిరిగినప్పుడు పోగైన వినికిడి కథల్లో సంభాషణగా పనికొచ్చిందనుకోవడం పాఠకుడికి సహజం.

ఉద్యోగం ఆయన్ను కడప, తిరుపతి మీదుగా హైదరాబాదు చేర్చింది. 1982లో దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. మొదటి ఉపకులపతి జి. రాంరెడ్డి. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. కాలేజీ మెట్లు ఎక్కే వీలు చిక్కని వాళ్ల కోసం పుట్టిన చదువు అది. గుమాస్తాలు, పెళ్లయి చదువు ఆపేసిన ఆడవాళ్లు, బస్సు కండక్టర్లు, సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లు ఆదివారం పూట తరగతులకు వచ్చేవాళ్లు. వాళ్లకు రోజూ ఎదురుగా నిలబడి చెప్పే పంతులు ఉండడు, పుస్తకమే పంతులు. అందుకని ఆ పుస్తకాన్ని తేటగా, మాట్లాడుతున్నట్టు రాయాలి. బడి పిల్లల వాచకాల నుంచి ఈ విశ్వవిద్యాలయం కోర్సు పుస్తకాల దాకా తెలుగు పాఠాలు తయారుచేయడంలో విశ్వనాథరెడ్డి పాలు పంచుకున్నారు. అవార్డుల జాబితాలో కనబడని పని ఇది. అయినా ఆయన రాసిన ఏ కథకన్నా ఎక్కువ ఇళ్లలోకి వెళ్లింది ఇదే అయి ఉంటుంది. పాఠ్యపుస్తకం రాయడాన్ని తక్కువ పనిగా చూసే అలవాటు మన విశ్వవిద్యాలయాల్లో ఇప్పటికీ పోలేదు, పోవాలి.

అలాంటిదే ఇంకో ఓపిక పని కొడవటిగంటి కుటుంబరావు రచనలకు సంపాదకత్వం. చెల్లాచెదురుగా పత్రికల్లో పడి ఉన్న కథలు, నవలలు, వ్యాసాలు పోగుచేసి, వరస పెట్టి సంపుటాలుగా తేవడం. మరొకరి రచనల కోసం ఒక రచయిత తన రాతబల్ల మీది ఏళ్లను ఖర్చు పెట్టడం తేలిక కాదు. సొంతంగా ‘వేర్లు’, ‘బోధి’ అనే రెండు నవలలు రాశారు. రిజర్వేషన్ల చుట్టూ ఉన్న వాదాన్ని ‘వేర్లు’ నవలలోకి తెచ్చారు. సాహిత్య వ్యాసాలు ‘దృష్టి’ పేరుతో వచ్చాయి. ‘కేతు విశ్వనాథరెడ్డి కథలు’ సంపుటికి 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అంతకు ఎనిమిదేళ్ల ముందు అదే అవార్డు ‘అనువాద సమస్యలు’ పుస్తకానికి రారాకు వచ్చింది. ఆ ఏడే రారా కన్నుమూశారు. ఎర్రగుంట్ల, పులివెందుల మెట్ట పల్లెల నుంచి రెండు అకాడమీ అవార్డులు! 2023 మే 22న ఒంగోలులో విశ్వనాథరెడ్డి గుండెపోటుతో పోయారు.

ఆయన పేర్లు పోగుచేసిన నేల ఈ యాభై ఏళ్లలో చాలా మారింది. తొలి తెలుగు శాసనం దొరికిన కలమళ్ల దగ్గరే 1990లలో రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. చిలంకూరు అంటే చాలామందికి ఇప్పుడు గుర్తొచ్చేది చోళుల శాసనం కాదు, సిమెంటు ఫ్యాక్టరీ. సున్నపురాయి, నాపరాయి గనులు దిన్నెల ఆకారం మార్చేశాయి. ఊరి పేరులో ఉన్న గుంట ఎక్కడుందని అడిగితే చూపించలేని పరిస్థితి చాలాచోట్ల వచ్చింది. 2020లో గండికోట జలాశయం నిండినప్పుడు కొండాపురం మండలంలోని తాళ్లప్రొద్దుటూరు నీట మునిగింది. జనం ఇళ్లు వదిలి పునరావాస కాలనీలకు వెళ్లారు. ఈ సీమకు నీళ్లు రావాలని తరాలుగా కోరుకున్నారు, ఆ నీళ్ల కోసం ఊళ్లే పోవాల్సి వచ్చింది. రెవెన్యూ లెక్కల్లో ఇలా మనుషులు లేని ఊళ్లకు బేచిరాకు గ్రామాలని ఒక పద్దు ఉంది. పూర్వం కరువుకో, కలరాకో, దండయాత్రకో ఖాళీ అయిన ఊళ్లు అందులో చేరేవి. పేరు ఉంటుంది, సర్వే నంబర్లు ఉంటాయి, పొయ్యి వెలిగించే మనిషి ఉండడు.

ఊళ్ల పేర్లు ఒక పుస్తకంలోకి ఎక్కాయి గనుక కొంత ధీమా. చేల పేర్లకు ఆ భాగ్యం ఇంకా లేదు. సేద్యగాడు తన పొలాన్ని సర్వే నంబరుతో పిలవడు. వంకగడ్డ చేను అంటాడు, మర్రిమాని చేను అంటాడు, కపిలబావి కాడి చేను అంటాడు. మర్రిమాను కొట్టేసి అరవై ఏళ్లయినా, కపిల ఆగిపోయి బోరు వచ్చినా ఆ పేరు ఇంటివాళ్ల నోట నడుస్తూనే ఉంటుంది. కొడుకు బెంగళూరు వెళ్లి, పొలం అమ్ముడుపోయిన రోజున ఆగిపోతుంది. ఏ కైఫీయతులోనూ, ఏ అడంగల్‌లోనూ ఇవి లేవు. 2006 నుంచి కడపలోనే యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది, అక్కడ చదివే పిల్లల్లో చాలామంది ఈ పల్లెల వాళ్లే. తొండూరు, లింగాల, పెద్దముడియం, ముద్దనూరు మండలాల్లో తాతముత్తాతల చేల పేర్లు తడుముకోకుండా చెప్పగల రైతులు ఇంకా ఉన్నారు. వాళ్లందరూ పెద్దవయసు వాళ్లు. ఆ పేర్లు రాసుకోవడానికి ఇప్పుడే వెళ్లాలి.